గేటు దగ్గర నవ్వు

"కాస్త పక్కకి జరుగమ్మా. ఫోటోలో పడతన్నావు."

వీధిలో ఫోను ఎత్తి పట్టుకుని కృష్ణబాబు అరిచాడు.

గేటు ముందు నిలబడ్డ చేపల చిన్నమ్మలు జరగలేదు. "నాను పడితే నీ ఫోను బద్దలైపోద్దేటి బాబూ?"

గేటు లోపల దుర్గాలక్ష్మి నవ్వింది. అతను ఠక్కున నొక్కాడు.

భార్య నవ్వడం ఇది పదకొండోసారి.

కూతురు పోయి ఏడు నెలలు. దుర్గాలక్ష్మి ముందు మాట తగ్గించింది, తర్వాత తిండి తగ్గించింది. విశాఖ డాక్టరు మందులు రాసి, ఇంకో పని కూడా చెప్పాడు.

"ఆవిడకి ఏది బాగుంటోందో ఆవిడే చెప్పలేకపోతున్నారు. రోజూ ఫోటోలు తీయండి. అవే చెప్తాయి."

కృష్ణబాబు శ్రద్ధగా తీశాడు. కొత్త సోఫాలో కూర్చోబెట్టి తీశాడు. సోఫా బాగా వచ్చింది. కొండకర్ల తీసుకెళ్ళి పడవలో తీశాడు. పడవ బాగా వచ్చింది.

నవ్వు మాత్రం గేటు దగ్గరే వచ్చింది.

మెరూన్ రంగు గేటు. మధ్యలో బంగారు రంగు నెమళ్ళు. డిజైను తనే ఎంచాడు. అది భార్యకి అంత నచ్చిందని తెలిసి అతనికి కళ్ళు చెమర్చాయి.

ఒక్కటే ఇబ్బంది. నవ్విన ప్రతి ఫోటోలోనూ చిన్నమ్మలు, ఆమె గంప. డాక్టరుకి చేపల గంప చూపిస్తే ఏం మర్యాద? మొదటి పదింటిలాగే దీన్నీ అక్కడే కత్తిరించేశాడు.

పైగా ఎదురింటి ఆడిటరు సన్యాసిరావు గారు చేపలు తినరు. ఆ సంగతి తెలిసిన రోజే కృష్ణబాబు కూడా మానేశాడు.

"ఇంక ఈ వీధిలోకి రాకు. మేం చేపలు కొనం."

"కొనమని నానెప్పుడైనా అడిగేనేటి బాబూ?"

"అడక్కుండానే అంటగట్టే రకం నువ్వు. ఎల్లెల్లు."

చిన్నమ్మలు గంప ఎత్తుకుంది. లోపలికి చూసి, "వత్తాను తల్లీ" అంది. మళ్ళీ రాలేదు.

ఫోటోల్లో నవ్వు ఆగిపోయింది.

కృష్ణబాబు గేటుకి ఇంకో కోటు వేయించాడు. నెమళ్ళు తళతళలాడాయి. దుర్గాలక్ష్మి గేటు దాకా రావడం మానేసింది. తర్వాత మంచం దిగడం మానేసింది.

నెలాఖరున డాక్టరు ఫోటోలు చూశాడు. "ఈ అంచున ఎవరిదో మోచెయ్యి. పూర్తి ఫోటో ఉందా?"

ఉంది. పదకొండు ఫోటోల్లోనూ దుర్గాలక్ష్మి గేటు వంక చూడనే లేదు.

"ఎవరావిడ?"

"చేపలమ్మండీ."

"ముందు ఆవిణ్ణి పిలవండి. నా మందులు తర్వాత."

ఆ మధ్యాహ్నమే ఆమె ఊరు పూడిమడక వెళ్ళాడు. చిన్నమ్మలు ఇంటి ముందు టెంటు వేసి ఉంది.

చేతికి కట్టుతో కోడలు రామాయమ్మ బయటికి వచ్చింది. "అత్త పోయి తొమ్మిది రోజులైంది బాబూ. ఆటో తిరగబడిపోనాది."

కృష్ణబాబు చెప్పులు విడిచాడు.

"పదకొండు గంటలకల్లా బేరం అయిపోద్ది, మేమందరం ఆటో ఎక్కీవోళ్ళం. అత్త ఎక్కీది కాదు. మీ కాలనీ ఏపు నడిసీది. ఇంకేటి అమ్మడానికెల్లీదో! ఈమద్దెనే మాతో ఎక్కడం మొదలెట్టింది."

అతని చేతిలో ఫోను చూసి ఆగింది. "దండెయ్యడానికి అత్త ఫోటో ఒక్కటీ నేదు. ఆధార్ కార్డులోది పెద్దది సేయిత్తే ఆనవాలే దొరకలేదు. మీకాడ ఉందేటి బాబూ?"

అతను తీసి చూపించాడు. ఫోటోలో చిన్నమ్మలు నవ్వుతోంది. రామాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది సాలు బాబూ. ఆ గంప కనపడకండా కత్తిరించీసి ఇవ్వండి."

కత్తిరించడం అతనికి బాగా అలవాటే.

కాళ్ళ దగ్గర నేలమీద ఉన్న గంపని వేళ్ళతో పెద్దది చేశాడు. వేళ్ళు ఆగిపోయాయి. అంతకు ముందు ఫోటో తెరిచాడు. దాని ముందుది తెరిచాడు.

పదకొండు ఫోటోల్లోనూ గంప ఖాళీగానే ఉంది.