తులూమిక పుట్టుక

గది బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ పండితుడి చెవిలో పెళ్లాం గొంతే మోగుతోంది. “మా అన్నయ్య ఇంట్లో ఇంకెన్నాళ్లు పడుంటాం? ఆ ఉద్యోగం కొట్టుకురండి. క్వార్టర్సు కూడా ఇస్తారంట.”

ఉద్యోగం అల్లాటప్పాది కాదు. నిఘంటువు కార్యాలయానికి ప్రధాన సంపాదకుడు. ఇన్నాళ్లూ ఆ కుర్చీలో ఉన్న పెద్దావిడ రిటైరవుతోంది. తన తర్వాత ఎవరో ఆవిడే తేల్చాలి.

లోపలికి పిలిచింది. పండితుడు తను అచ్చువేయించిన లావుపాటి నిఘంటువును ఆవిడ ముందు దభీమని పెట్టాడు.

“అంతా మీరే రాశారా బాబూ?”

“అక్షరం అక్షరం నా చెమటేనమ్మా. ఇంకొకరి పుస్తకం ముట్టుకుంటే ఒట్టు.”

ఆవిడ కళ్లజోడు సవరించుకుని పేజీలు తిప్పింది. ఒకచోట వేలు ఆగింది.

“తులూమిక. ఇదేం మాట?”

“విశేషణమమ్మా. సీళ్లకు సంబంధించిన, అని అర్థం. అదే, మంచు సముద్రాల్లో పొట్ట మీద పాకుతుందే, మీసాల జంతువు. తులూమిక చర్మం, తులూమిక నడక... అలా వాడాలి.”

“మరి పుట్టుక?”

పండితుడు రెచ్చిపోయాడు. “అక్కడి జాలర్లు సీలును తులూమ్ అంటారమ్మా. నేనే వెళ్లి, వల బాగుచేసుకుంటున్న ఓ ముసలాయన పక్కన కూర్చుని విన్నాను. దాని అరుపును బట్టే ఆ పేరట.”

“అలాగా. ఎలా అరుస్తుందేంటి?”

ఉద్యోగం కోసం మనిషి ఎంతకైనా దిగుతాడు. పండితుడు మెడ సాచి, మూతి సున్నాలా చుట్టి, “తులూ...మ్” అన్నాడు. పక్కగదిలో టైపు చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

“ఏదీ, ఇంకోసారి.”

ఇంకోసారి అరిచాడు. ఈసారి గొంతు ఇంకాస్త పెంచి.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. టీ తెప్పించి, కప్పు తనే చేతికి అందించింది. పండితుడు అప్పటికే మనసులో క్వార్టర్సు కిటికీలకు కర్టెన్లు కుట్టించేశాడు. ఏ రంగువో పెళ్లాన్ని అడగాలనుకున్నాడు కూడా.

“టీ చల్లారకముందే తాగండి,” అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. “మా నిఘంటువును ఎవడు ఎత్తిరాస్తాడో పట్టుకుందామని, ఆ మాటను ఈ కుర్చీలో కూర్చుని కల్పించింది నేనే బాబూ.”