గోదాం మూలకు గాలి

అరవై ఏడు ఎండాకాలంలో, రాజాంలో, గోగునార గోదాం లోపల ఎవడో అగరొత్తి వెలిగించాడు.

యజమాని నరసింగరావు గద్దె మీంచి ఒక్క దూకు దూకాడు. "ఏటయ్యా ఇది! రవ్వ పడితే ఊరు సగం కాలిపోతాది!"

ఎవరో ముసలాయన. పక్కన నీళ్లచెంబు పెట్టుకుని పొగనే చూస్తున్నాడు. పొగ పైకి పోలేదు. మూలలోనే నిలబడిపోయింది.

"సూసారా బాబూ? ఇక్కడ గాలి సచ్చిపోనాది."

ఆ మూలంటే నరసింగరావుకీ ఒళ్లుమంటే. గోదాం కొన్న దగ్గర్నుంచి చూస్తున్నాడు. నార ఏరే ఆడవాళ్లు వాకిట్లో ఇరుక్కుని కూర్చుంటారు గానీ అటు పోరు. అంత జాగా దండగ.

"అయితే ఏటంటావు?"

"ఈ మూల మీద, కప్పుకి పొడుగాటి రేకు గొట్టం ఎట్టండి. నల్లరంగు ఎయ్యండి. ఎండకి గొట్టం కాలితే లోపలి వేడిగాలిని అదే లాగేస్తాది. ఉత్తరం కిటికీ తీస్తే సల్లగాలి వస్తాది. బర్మాలో, రంగం పట్నంలో బియ్యం మిల్లులకి ఇలాగే ఎట్టీవోరు."

నరసింగరావు నవ్వాడు. "గాలాడితే నార ఆరిపోతాది. ఆరితే తూకం పడిపోతాది."

నార వ్యాపారులందరిదీ అదే లెక్క. చెమ్మ పోకుండా కిటికీలు బిగించెయ్యడమే.

నార ఏరేవాళ్లలో జగ్గమ్మ చేతిలో నార కింద పడేసి లేచింది.

"అయితే మమ్మల్నీ ఆ కాటా మీదెట్టండి బాబూ. వైశాఖం ఎల్లేసరికి సగం కూడా తూగం. గొట్టం ఎట్టించండి. నేకపోతే రేపట్నుంచి రాం."

మిగతావాళ్లూ లేచారు. మిల్లుకు పంపాల్సిన సరుకు గుట్టలుగా ఉంది. నరసింగరావు లెక్క తిరగేసుకున్నాడు.

మర్నాడే ముసలాయన గొట్టం బండి మీద వేసుకొచ్చాడు. పేరు ఎల్లాజీ అన్నాడు.

"అందరూ కూకునేది వాకిట్లో కదా, అక్కడెట్టు," అన్నాడు నరసింగరావు.

"నేదు బాబూ. ఆ మూలే."

నిలబెట్టాక మళ్లీ అగరొత్తి వెలిగించాడు. ఈసారి పొగ దారంలా సాగి గొట్టంలోకి పోయింది. పొగంతా పోయినా ఎల్లాజీ దించిన తల ఎత్తలేదు.

"ఏటి పుచ్చుకుంటావు?"

"ఈ ఎండలు ఎల్లనీండి బాబూ."

ఆ వేసవంతా ఆడవాళ్లు ఆ మూలే కూర్చున్నారు. వాళ్ల పాటలు బజారు దాకా వినిపించేవి. తర్వాత ఎన్ని గోదాములు కట్టినా, నరసింగరావు చెవికి అలాంటి వేసవి మళ్లీ చిక్కలేదు. తూకం కాస్త తగ్గింది గానీ, పని రెట్టింపయింది.

ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడని అతని నమ్మకం. ఎల్లాజీ వస్తే బేరమాడదామని కాచుకున్నాడు. ఎండలు వెళ్లాయి, వానలు వెళ్లాయి. ఎల్లాజీ రాలేదు.

మళ్లీ ఎండలు ముదిరాయి. ఆ మూల చల్లగాలిలో నిలబడేసరికి నరసింగరావు బేరం మాట మరిచిపోయాడు.

"జగ్గమ్మా, మన గొట్టం మనిషి ఏడే? ఏటడిగినా ఇచ్చేద్దును."

"పుష్యమాసంలో పోనాడు బాబూ."

నరసింగరావు తలెత్తి గొట్టం కేసి చూశాడు.

"మరి ఇదంతా ఊరికే ఎందుకు సేసినాడు?"

జగ్గమ్మ నార పక్కన పెట్టింది.

"సెప్తే గోదాంకి సావు దోషమని మీరు శాంతి సేయించేసి, గొట్టం మానేస్తారని, మమ్మల్ని నోరెత్తనివ్వనేదు. మీరు కొనకముందు, ఆయన రంగంలో ఉండగా, ఈ మూలే నార ఏరతా ఊపిరాడక పోనాది బాబూ, ఆయన ఇల్లాలు కూర్మమ్మ."