ఒక్క గ్లాసు

భర్త పోయిన ఐదో రోజున, ఆచారం ప్రకారం ఆయన బట్టలన్నీ ఏట్లో ఉతికి, తడి చేతులతోనే నికనోరా అత్త పెరూ కొండల్లోని మా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది.

"మా ఆయన కాగితాలు తియ్యి అమ్మాయ్. నర్సమ్మవి, ఏం రాశావో విందాం."

బీరువాలోంచి తీశాను. తాగుడు కనిపెట్టడానికి పది ప్రశ్నల కాగితం ఒకటి, మూడు ప్రశ్నలది ఒకటి. ఏది బాగా పట్టిస్తుందో పోల్చి చూడమని ఆయకూచో పట్నం పెద్దాసుపత్రి నుంచి పంపారు. రెండింట్లోనూ ఎవుసెబియో మామ ఒకే జవాబు చెప్పాడు: కూర్చుంటే ఒక్క గ్లాసు. ఆరోగ్యం ఎలా ఉందంటే, భేష్ అన్నాడు. రెండు కాగితాలూ ప్రమాదం లేదనే తేల్చాయి. నాలుగు నెలలకే లివర్ పాడై చనిపోయాడు.

"అబద్ధం చెప్పాడత్తా," అన్నాను.

"నోరు కడుక్కో! మన కొండల్లో ఎంతమంది కూర్చున్నా తిరిగేది ఒక్క గ్లాసే కదే? మా అమ్మాయి పెళ్ళిలో నువ్వూ దాంతోనే తాగలేదూ?"

తాగాను. సీసా ఖాళీ అయ్యేదాకా ఆ గ్లాసు చేతులు మారుతూనే ఉంటుందని తెలిసీ, గడిలో ఒకటి వేసింది నేనే.

కొత్త కాగితం తీసి మెల్లగా అడిగాను. "మరి నువ్వత్తా? ఎన్ని గ్లాసులు?"

"సున్నా వేసుకో. ఆయనా నేనూ తాగింది ఒక్కదాంతోనే. దాన్ని ఆయన శవపెట్టెలో పెట్టేశా."

"ఆరోగ్యం?"

"భేష్ అని రాయి."

లేచి శాలువా సర్దుకుంటుంటే, మడతలోంచి చెరకు సారా సీసా మూతి కనిపించింది.