అయిపోయిన మసాలాలు

“ఆ డబ్బల ఏముందే?”

చెన్నయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. భార్య రేణుకమ్మ పాలపొడి డబ్బాను కొంగు కింద పెట్టుకొని బయలుదేరింది. ఎక్కడికో అతనికి తెలుసు. వీపనగండ్ల బస్టాండు పక్కన యాసిన్ దుకాణం. వాడు రేడియోలు, సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. ఆమె వారానికోసారి అక్కడికి పోతుంది. పోయేముందు తల దువ్వుకుంటుంది.

“మసాలాలు,” అంది రేణుకమ్మ.

చెన్నయ్యకు వినబడలేదు. వనపర్తి క్యాంపులో ఇచ్చిన చెవిమిషన్ జేబులోనే ఉంది. తీగ చెవిలో ఉంది. లోపల సెల్లు మాత్రం లేదు. అతని చేతులు వణుకుతాయి కనుక సెల్లు మార్చేది రేణుకమ్మే. వారం తిరగకముందే, అతను నిద్ర లేచేలోపే దాన్ని తీసేసి, అయిపోయిందని చెయ్యి ఊపుతుంది. యాసిన్ దగ్గర కొత్తది తెచ్చేసరికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఇప్పుడు ఆమె పెదవులు చూసి మాట పట్టుకున్నాడు.

“మసాలానా? వానికి మసాలా ఎందుకు? వాని పెండ్లాం మున్నీబీకి దంచరాదా?”

ఆ ఊళ్లో సెల్లును కూడా మసాలా అనే అంటారు. చెన్నయ్యకు తెలియక కాదు. అనుమానం పట్టిన మనిషికి ముందు కూర మసాలానే తోస్తుంది.

రేణుకమ్మ బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టి సెల్లు ఎంతుంటుందో చూపింది.

“చిటికెడే అంటవా? చిటికెడైనా నా ఇంటిదే గద.”

ఆమె నుదురు కొట్టుకుంది. అతను ఆపలేదు.

“ఎదురింటి శాంతమ్మ రేడియో ఒక్కసారి సెల్లు ఏస్తే రెండు నెలలు పాడుతది. నా మిషన్‌కు వారం గూడ రాదు. ఎందుకే? వారం వారం వాని మొహం చూడాలె గనక.”

“దేవుడు నీ నోటికి గూడ మసాలా పెట్టింటే బాగుండు. ఎప్పుడన్న ఒకసారి అయిపోతుండె.”

గోడ అవతల పక్కింటి భీమమ్మ నవ్వింది. నవ్వడం చెన్నయ్యకు కనబడింది. ఎందుకు నవ్విందో తెలియలేదు. మిషన్ పలికే రోజుల్లో అయితే ఒక్క మాట అతన్ని దాటిపోదు. బోరింగు దగ్గర రేణుకమ్మ ఎవరితో ఏం మాట్లాడింది, కూరగాయలాయన అక్కా అన్నాడా, వదినా అన్నాడా, అన్నీ వింటాడు. అన్నం ముందర కూర్చొని అన్నీ అడుగుతాడు. ముద్ద ముద్దకూ ఒక ప్రశ్న.

“ఏమన్నదే భీమమ్మా ఇది?”

భీమమ్మ లోపలికి పోయింది.

చెన్నయ్య చెయ్యి చాపి డబ్బా పట్టుకున్నాడు.

“నేనే ఇస్త వానికి. మొహం మీద ఇస్త.”

“వద్దయ్యా, నేనే పోత. ఇడువు.” రేణుకమ్మ రెండు చేతులా డబ్బాను అదుముకుంది. ఆమె మొహంలో బెదురు. అది చాలు అతనికి. గుంజుకొని నడిచాడు.

పశువుల దవాఖాన దాటాక ఆగి మూత తీశాడు. వాసన చూద్దామని ముక్కు పెట్టాడు. మసాలా వాసన లేదు. లోపల వేలెడంత సెల్లులు. తన మిషన్‌వే. అయిపోయినవి ఆమె పెంటకుప్ప మీద పారేస్తుందనుకున్నాడు ఇన్నాళ్లూ.

మూత బిగించి దుకాణం వైపు నడిచాడు.

దుకాణం ముందర నీలం డ్రమ్ము ఉంది. దానికి అట్టముక్క కట్టి ఉంది: ‘అయిపోయిన మసాలాలు, పాత ఫోన్ బ్యాటరీలు ఇందుల వేయుండ్రి. పెంట మీద పారేయకుండ్రి.’

యాసిన్ అతన్ని చూసి లేచి స్టూలు వేశాడు. ముందు మిషన్ తీసుకొని కొత్త సెల్లు వేశాడు. గరగరమంది. బస్సు హారన్ చెవిలో పడింది.

“వినబడుతుందా కాకా? చిన్నమ్మ రాలేదేంది?”

చిన్నమ్మ. ఆ మాట చెన్నయ్యకు చెంపమీద కొట్టినట్లయింది. ఏం అనాలని వచ్చాడో అదంతా మింగాడు. డబ్బా ముందుకు తోశాడు.

“ఇవి ఇచ్చిపోదామని వచ్చిన.”

“మంచిగైంది. ఊళ్ల అందరు పెంట మీద పారేస్తరు కాకా. లోపలి మందు కారి ఎరువుల కలుస్తది. ఎరువు పోయి చేన్ల పడుతది. బడిల సైన్సు చెప్పే ప్రేమ్ కుమార్ సారు చెప్పినంక ఈ డ్రమ్ము పెట్టిన. నిండితే పట్నం బండి తీస్కపోతది. తప్పకుండ తెచ్చేది మాత్రం మా చిన్నమ్మ ఒక్కతే.”

చెన్నయ్య ఛాతీ విచ్చుకుంది.

“మా ఇంటామె గట్లనే. ఏది వట్టిగ పారెయ్యదు.” పక్క హోటలు వైపు తిరిగి కేకేశాడు. “రెండు చాయలు తే. యాసిన్‌కు మలాయి ఏసి తే.”

చాయ వచ్చింది. చెన్నయ్య సాసరులో పోసుకొని ఊదుకున్నాడు. ఎన్నేళ్లకో చాయ తియ్యగా ఉంది. యాసిన్ రెండు తీగలు కట్టిన చిన్న బల్బు తీశాడు.

“అదేంది?”

“ఇంక పానమున్న సెల్లులు, అయిపోనివి, డ్రమ్ముల పడితే ఒకదానికొకటి తగిలి కాలుతయంట. ఒక్కొక్కటి చూసి వెయ్యమని సారు నిన్ననే చెప్పిండు.”

మొదటి సెల్లుకు తీగలు ఆనించాడు. బల్బు వెలిగింది. దాన్ని పక్కన పెట్టాడు. రెండోది పెట్టాడు. వెలిగింది. మూడోది. నాలుగోది. డబ్బా బోర్లించి మిగిలినవీ పెట్టి చూశాడు. డ్రమ్ములో ఒక్కటీ పడలేదు.

“ఏమైంది, ఆగినవ్?” అన్నాడు చెన్నయ్య, చాయ ఊదుతూనే.

యాసిన్ మిషన్ దగ్గరికి వంగి, స్పష్టంగా చెప్పాడు.

“వీటిల ఒక్కటి గూడ అయిపోలేదు కాకా.”