సీతమ్మ కొలతలు

"ఆడపిల్లలకు రామాయణం పాఠాలేంది అనంతమ్మా? ఇగ నా మనుమరాలిని తోల్కపోత," అన్నాడు భజన మండలి పెద్ద మొగులయ్య, గుడిలోని సీతమ్మ విగ్రహానికి కుట్టాల్సిన పట్టుబట్టను ఆమె కుట్టుమిషను మీద పెడుతూ.

మిషను చుట్టూ కూర్చుని అనంతమ్మ దగ్గర చదువుకుంటున్న ఆడపిల్లలందరూ పుస్తకాలు మూశారు. ఆయన మనుమరాలు కవిత మాత్రం మూయలేదు.

"ఎనుకట పోలెండు దేశంల యూదుల ఆడపిల్లలకు దేవుని చదువు చెప్పే బడి పెట్టింది గూడ నా లెక్క బట్టలు కుట్టే ఆమెనేనట, బాపూ. బడిల లలితకుమారి టీచరు చెప్పింది," అంది అనంతమ్మ.

"ఆమెకు ఎవ్వరు అడ్డం రాలేదా?"

"వచ్చే ఉంటరు. వాళ్ల పేర్లు టీచరుకు తెల్వయట."

మొగులయ్య మీసం సవరించుకున్నాడు. "అదంత నాకెందుకు గని, పండుగ దగ్గరికొచ్చింది. జర గుడికొచ్చి సీతమ్మను కొలుచుకపో."

అనంతమ్మ మెడలోని టేపును నిదానంగా చేతికి చుట్టుకుంది. "ఆడిదాన్ని, నేను కొలవొచ్చా బాపూ?"

"సీతమ్మను కొలిచేటందుకు ఆడేంది, మగేంది?"

అనేశాక ఆ మాట ఆయన చెవికే తగిలింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

మొగులయ్య స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "ఏదీ, కవితా, మొదటికెళ్లి చదువు. జర గట్టిగ."