ఇద్దరా, ముగ్గురా?

"ఈమెకు ముగ్గురు పిల్లోళ్లు సారూ. ఇద్దరని రాసిండేది అబద్ధం," అంది మాబున్ని, షాహీదాబీ మొహం మీదికే వేలు చూపించి.

ప్రొద్దుటూరు మున్సిపల్ ఆఫీసులో నామినేషన్ల పరిశీలన జరుగుతోంది. వాళ్లుండే వార్డు ఈసారి ఆడవాళ్లకు రిజర్వయింది. పోటీకి దిగిన షాహీదాబీ, మాబున్ని ఒకే వీధి వాళ్లు. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లు కౌన్సిలరుగా నిలబడకూడదని రూలు. మాబున్ని గాల్లో రాయి వెయ్యలేదు. షాహీదాబీ మూడు కాన్పులకూ నీళ్లు కాచిపెట్టింది ఆ మనిషే మరి, ఆమెకు తెలియకుండా ఎట్లా పోతుంది?

 ఆ కాగితాల్లో ఏం రాశారో షాహీదాబీకి తెలిస్తే కదా! భర్త రహమతుల్లా వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది, అంతే. ఇరవై ఏళ్లు పార్టీ జెండాలు కట్టి, మీటింగులకు కుర్చీలు మోసి, పెద్దవాళ్ల వెనక నిలబడి నిలబడి అరిగిపోయిన మనిషి ఆయన. ఇన్నాళ్లకు టికెట్ వాళ్ల గడప తొక్కింది, అదీ భార్య పేరు మీద. వారం రోజులుగా ఆయనకు తిండి సయించడం లేదు.

ఎన్నికల అధికారి కళ్లద్దాలు సర్దుకుని, "మీకు పిల్లలెంతమందమ్మా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే ఏజెంటుగా పక్కన నిలబడ్డ రహమతుల్లా అందుకున్నాడు. ఇద్దరేనని, నిఖత్, ఫరూఖ్ అని పేర్లు కూడా చెప్పాడు. మరి పెద్దోడు ఇమ్రాన్ ఎవరి కొడుకని మాబున్ని నిలదీసింది. కువైట్‌కు పోయినంత మాత్రాన కొడుకు కాకుండా పోతాడా అంది. అధికారి చెయ్యి ఎత్తి ఇద్దరినీ ఆపాడు. చెప్పాల్సింది తల్లి అనీ, ఒక్క నిమిషం ఆలోచించుకుని నిజం చెప్పమనీ అని, వేరే కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

రహమతుల్లా భార్యను కిటికీ పక్కకు తీసుకుపోయాడు.

"ఇమ్రాన్ లేడని చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి.

"లేడంటే?"

"సచ్చిపోయినాడని చెప్పు. కాగితం కోసమేలే. మాటంటేనే మనిషి పోతాడా?"

షాహీదాబీ ఆయన మొహంలోకి చూసింది. ఈ మనిషితోనా నేను ఇన్నేళ్లు కాపురం చేసింది అనుకుంది. కొడుకు గొంతు విని నాలుగేళ్లు. అరబ్బు యజమాని పెట్టే బాధలు పడలేక పారిపోయాడట, కాగితాలు లేకుండా ఎక్కడో దాక్కుని పని చేసుకుంటున్నాడట, ఫోన్ చేస్తే పోలీసులకు దొరికిపోతానని భయమట. ఇవన్నీ ఈయన తెచ్చి చెప్పిన కబుర్లే. ఆ దేశం వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు క్షమించి వదిలేస్తారు, ఆరోజు వాడు వస్తాడు. ఐదు పూటలా నమాజులో ఆమె అడుక్కునేది అదొక్కటే. అట్లాంటిది, కన్నతల్లి నోటితో వాడు చచ్చాడని ఎట్లా అంటుంది? ఆ మాట పోయి బిడ్డకు తగలదూ?

"నా నోట ఆ మాట రాదు," అంది.

"ఒక్కసారి షాహీదా. శానా దూరం వచ్చినాం. నన్ను చూసి చెప్పు."

రాదంటే రాదంది. ఆయన బతిమాలాడు. గడ్డం పట్టుకున్నాడు. ఆమెకు జాలేసింది, అంతకు రెండింతలు అసహ్యం వేసింది. ఆయన చేతులు విదిలించుకుని నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

"ముగ్గురు సార్. పెద్దోడు కువైట్‌లో ఉండాడు. బాగుండాడు."

 మాబున్ని పంతం నెగ్గింది కానీ, ఎందుకో తల ఎత్తలేకపోయింది. అధికారి నామినేషన్ ముందుకు జరుపుకుని, తిరస్కరిస్తున్నట్టు రాయడానికి పెన్ను మూత తీశాడు. షాహీదాబీకి మాత్రం ప్రాణం తేలికపడింది. పోతే పదవి పోయింది, నా బిడ్డను నేను కాపాడుకున్నాను అనుకుంది.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు రహమతుల్లా.

గోడవైపు తిరిగి, బనియన్ లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోని కాగితాన్ని బల్ల మీద పరిచాడు. భార్య వైపు చూడకుండా, ఇమ్రాన్ మరణ ధ్రువపత్రమని చెప్పాడు.

షాహీదాబీకి ఒళ్లు మండిపోయింది. "దొంగ కాగితం సార్ అది. సీటు కోసం యాడనో పుట్టించినాడు. కడుపున పుట్టినోణ్ని సంపుకుంటాండాడు, సూడండి."

రహమతుల్లా కాగితాన్ని అధికారి ముందుకు జరిపాడు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

దొంగదని తేలితే ఇద్దరి మీదా కేసు పెడతానని అధికారి గట్టిగానే చెప్పాడు. కాగితాన్ని ట్యూబులైటు వెలుగుకు ఎత్తి చూశాడు. తిరగేసి, వెనక ఉన్న ముద్రలు, సంతకాలు ఒక్కొక్కటే చదివాడు. చదవగా చదవగా ఆయన గొంతులో కోపం పోయింది.

"దొంగది కాదమ్మా. ఎంబసీ నుంచి కలెక్టరాఫీసుకు వచ్చిన అసలు కాగితమే. నాలుగేళ్ల కిందట మీ ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు," అని ఆగి, ఆమె కళ్లలోకి చూడలేక నామినేషన్ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు, "మీకు ఇద్దరే. నామినేషన్ చెల్లుతుంది."