నీలం ప్లాస్టర్

జనరల్ మేనేజరు పెన్ను మూతతో ఆ ముక్కను బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. దెబ్బలకు అంటించే ప్లాస్టర్ ముక్క అది. దాని మీద వరసగా పసుపు రంగు బాతు బొమ్మలు. వెనక్కి తిప్పితే మధ్యలో చీము మరక.

"ఛీ! ఎవడి ఒంటి దరిద్రమో ఇది! తెచ్చి నా బల్ల మీద పెడతావేమయ్యా?" అని ముక్కు మూసుకున్నాడు.

"మా పాప గిన్నెలో వచ్చింది సార్," అన్నాడు ఎదురుగా నిలబడ్డ బస్సు డ్రైవరు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఇంకా యూనిఫాంలోనే ఉన్నాడు. "మీ పసిపిల్లల పిండి ప్యాకెట్ కత్తిరించి కలుపుతుంటే మా ఆవిడ చెంచాకి తగిలింది. పాపకి ఇంకా ఏడాది కూడా నిండలేదు."

ఫిర్యాదు పట్టుకొచ్చేవాళ్లంటే జీఎంకు పరమ రోత. ఆయన దృష్టిలో వాళ్లంతా ఒకే తానులో ముక్కలు. ఇంట్లో చెత్త ప్యాకెట్లో వేసుకొచ్చి, ఉచితంగా పెట్టెడు సరుకు మోసుకుపోయే బాపతు. అందుకే ఎవరినీ కూర్చోమనడు.

"ఏం కావాలి? ఒక పెట్టె సరిపోతుందా, రెండు కావాలా?"

"నాకేం వద్దు సార్. మా ప్యాకెట్ మీదున్న తేదీన తయారైనవన్నీ కొట్లలోంచి వెనక్కి తెప్పించండి. ఇంకెంతమంది పిల్లలు తింటున్నారో."

జీఎం పగలబడి నవ్వాడు. వెనక్కి తెప్పించాలట! ఆ రోజు ఎలాంటి రోజో వీడికేం తెలుసు? కొత్త ప్యాకెట్ మొదలైన రోజది. ప్లాస్టిక్ పొర లేకుండా, మట్టిలో కలిసిపోయే కాగితంతో చేసిన ప్యాకెట్. పాతదానికి రెట్టింపు వేగంతో నిండి, మూతి అతుక్కుని, మిషన్‌లోంచి బయటికి దూకుతుంది. పత్రికల వాళ్లంతా వచ్చారు. లోపలికి వెళ్లేముందు టోపీ పెట్టుకోమని క్వాలిటీ అమ్మాయి బతిమాలింది. దువ్వుకున్న జుట్టు నలిగిపోతుందని జీఎం ఆ టోపీని విసిరికొట్టాడు. ఎవరికీ మెడ వంచని మనిషి, ఫోటోగ్రాఫరు అడిగాడని పిండి తొట్టి మీదికి వంగి, చెమటలు కక్కుతూ ఓపిగ్గా నవ్వాడు. ఆ ఫోటో పుణ్యమా అని డైరెక్టరు కుర్చీ దాదాపు ఖాయమైంది. ఇప్పుడు సరుకు వెనక్కి వస్తే ఆ కుర్చీ ముందుకు రాదు.

బెల్లు కొట్టి క్వాలిటీ అమ్మాయిని పిలిపించాడు.

"మన ప్యాకింగ్ వాళ్లకి దెబ్బ తగిలితే ఏ రంగు ప్లాస్టర్ వేస్తాం? ఈయనగారికి కాస్త చెప్పు."

"నీలం సార్. తినేవాటిలో నీలం రంగువి దాదాపు ఉండవు కదా. పిండిలో పడితే కెమెరా పట్టేసి మిషన్ ఆపేస్తుంది."

"విన్నావా? నీలం! మా దగ్గర బాతులూ కోళ్లూ ఉండవు. పసిపిల్ల ఉన్న కొంప మీది. ఈ బాతులు మీ ఇంట్లోవే."

"ఒట్టు సార్, మా ఇంట్లో ఇలాంటివి లేనే లేవు!"

"మరెందుకంత ఉలికిపాటు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!" అంటూ జీఎం చొక్కా కాలరు సవరించుకున్నాడు.

అమ్మాయి గొంతు తగ్గించింది. "సార్, కెమెరాకి నీలం ఒక్కటే తెలుసు. వేరే రంగుది పడితే వదిలేస్తుంది. ముందు సరుకు ఆపి..."

జీఎం ఆమె వైపు తిరిగాడు. తల ఒక్కటే తిప్పలేదు, కుర్చీతో సహా తిరిగాడు. పెద్ద ఉద్యోగాల్లో అలాగే తిరుగుతారు కాబోలనుకుంది అమ్మాయి.

"ఎలా పడుతుంది? లోపలికెళ్లే ప్రతివాణ్నీ నువ్వు చూసే కదా పంపేది?"

"వర్కర్లనైతే అందర్నీ చూశాను సార్."

"చూశావుగా! ఇంక నీకెందుకీ గోల? కందకు లేని దురద కత్తిపీటకట!"

డ్రైవరు ఊరుకోలేదు. "బండికి ఏదైనా తగిలిందనిపిస్తే, తప్పెవరిదో మేం తర్వాత చూసుకుంటాం సార్. ముందు బ్రేకు వేస్తాం."

"నాకు డ్రైవింగ్ నేర్పుతున్నావా? మోసం కేసు పెట్టానంటే రేపటికి నీ చేతిలో స్టీరింగ్ ఉండదు. తప్పయిందని చెప్పి బయటికి నడు."

డ్రైవరు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంటి దగ్గర పాప ఉంది, ఆ పాపకి పాలు కావాలంటే ఈ ఉద్యోగం ఉండాలి.

"తప్పయింది సార్," అన్నాడు. జీఎం ఎడమ చేత్తో తోసిన సరుకు పెట్టెను మాత్రం ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

జీఎం ఆ ప్లాస్టర్‌ను కాగితంతో ఎత్తి చెత్తబుట్టలో పడేశాడు. పెన్ను మూత కూడా పారేశాడు. సబ్బు అరిగేలా చేతులు కడుక్కున్నాడు. ఎవడి చీమో అనుకుంటూ ఇంకోసారి కడుక్కున్నాడు.

కొట్లలో ఆ ప్యాకెట్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

సాయంత్రం ఇంటికి చేరుతూనే చొక్కా విప్పి, భార్యకు వీపు చూపిస్తూ స్టూలు మీద కూర్చున్నాడు. మెడ వెనక సెగగడ్డ మళ్లీ లేచింది. పొద్దుటి నుంచీ ఒకటే సలుపు.

"ఇవాళ ఒక డ్రైవరుగాడికి గట్టిగా బుద్ధి చెప్పాను," అన్నాడు. "శుభ్రమంటే ఏమిటో తెలియని మనుషులు!"

భార్య దూదితో చీము తుడిచి, మందు రాసి, పైన ప్లాస్టర్ పెట్టి బొటనవేలితో అదిమింది.

"కదలకండి! పోయినసారి మీ ఫోటోల రోజున, మనవరాలి డబ్బాలోంచి తీసి అంటించిన బాతు బొమ్మల ప్లాస్టర్ మీరు ఇంటికొచ్చేసరికి మెడ మీద లేనే లేదు."